నలభైకి సున్నా

14 జూన్ 2003

బాలకృష్ణ కొబ్బరికాయ వలుస్తూ గునపానికి అరచెయ్యి గుచ్చుకున్నాడు. మీసాలు రాకముందు నుంచి వలుస్తున్నవాడు. పెరట్లో పాతిన ఆ ఇనప మొన మీద కాయని చూడకుండానే దించి, ఒక్క తిప్పుకి పీచు ఊడదీసేవాడు. కబుర్లు చెబుతూ వలిచేవాడు, పోట్లాడుతూ వలిచేవాడు. ఇవాళ నోరు మూసుకుని, కాయ వంకే చూస్తూ గురి తప్పాడు.

పసుపు అద్ది గుడ్డ కట్టి, పరధ్యానం అని తిట్టాను. ముప్పై ఆరేళ్లవాడిని తిట్టే హక్కు తల్లికి ఉంటుంది, చదువు చెప్పిన టీచరుకీ ఉంటుంది. నాకు రెండు హక్కులూ ఉన్నాయి. రెండూ వాడుకున్నాను.

2 జూలై

సౌజన్య చెప్పేదాకా నేను చూడలేదు. కాదు, చూశాను. వాడు వాకిట్లో నడుస్తుంటే పడవ మీద నిలబడ్డవాడిలా కాళ్లు ఎడంగా వేస్తున్నాడు. కొన్ని నెలలుగా అంతేనట. నాతో చెప్పడానికి కోడలు భయపడిందట. ఈ ఇంట్లో నన్ను చూసి భయపడేవి పిల్లులు మాత్రమే అనుకున్నాను.

ఎదురింటి రత్నాలమ్మ వచ్చి గడప మీద కూలబడి, ముందు రక్తం తీయించండి అంది. ఆవిడ మొగుడికి విశాఖపట్నంలో డయాలసిస్ చేయిస్తున్నారు. మా ఉద్దానంలో ఇంటింటా కిడ్నీ జబ్బే, కాలు బెణికినా ముందు రక్తమే తీస్తారు. ఈ వీధిలో ఎన్ని ఇళ్లు మగదిక్కు లేకుండా పోయాయో చూసినవాళ్లం. మాది వెర్రి అని ఎవరూ అనలేరు.

9 జూలై

పలాసలో రిపోర్టు ఇచ్చారు. క్రియాటినిన్ సున్నా పాయింట్ తొమ్మిది. కిడ్నీలు బంగారంలా ఉన్నాయి.

సౌజన్య పరమాన్నం వండింది. నిండు జీడిపప్పు అమ్మకానికి ఉంచి, ఇంట్లోకి ఎప్పుడూ బద్దలే వాడే మనిషి, ఇవాళ నిండు పప్పే వేసింది. వీధంతా పంచాం. రత్నాలమ్మ గిన్నె పట్టుకుని ఏడ్చింది. "మీ ఇంటి మీదికి రానేదు తల్లీ, అదే పదేలు" అంది. రిపోర్టులో అంకె చెప్పగానే అందరి మొహాలూ వెలిగాయి. మరి వాడు తూలడం ఎందుకో ఎవరూ అడగలేదు.

నేనూ అడగలేదు.

సంజన రెండు గిన్నెలు తింది. తొమ్మిదేళ్ల పిల్ల. నాన్నకి ఏమీ లేదని తింది.

30 నవంబర్ 2004

తప్పంతా వాకిలిదే. ఇసక నేల, ఒక పక్కకి వాలు. నేను నడిచినా తడబడ్డాను. నాకు అరవై నాలుగేళ్లు కాబట్టి తడబడ్డానని సౌజన్య మొహంలో కనిపించింది కానీ, పైకి అనలేదు.

కన్నయ్య మేస్త్రీని పిలిపించి వాకిలంతా సిమెంటు చేయించాను. వాన నీళ్లు పోవడానికి కాస్త వాలు ఉండాలి పంతులమ్మా అన్నాడు. నాకు వాలు వద్దన్నాను. వానాకాలం మడుగు కడుతుంది అన్నాడు. చీపురుతో తోసుకుంటానన్నాను. ముప్పై ఏళ్ల పనిలో వాలు వద్దన్నవాళ్లని మిమ్మల్నే చూశాను అని గొణుక్కుంటూ చేశాడు. నేను దగ్గరే కూర్చున్నాను. పని అయ్యాక నడిమధ్య చెంబుడు నీళ్లు పోయించాను. నీళ్లు ఎటూ పారకుండా ఉన్నచోటే నిలబడ్డాయి.

ఇంక తూలితే అడగండి.

6 డిసెంబర్

బాలకృష్ణ వాకిట్లో పడ్డాడు. కొత్త సిమెంటు జారుడు.

18 ఆగస్టు 2005

కాశీబుగ్గలో సర్వీసు ఆటోవాడు బాలకృష్ణని ఎక్కించుకోలేదు. పొద్దుటే తాగి వస్తే ఆడవాళ్ల పక్కన ఎలా కూర్చోబెట్టను అన్నాడట. ఇప్పుడు వీడి మాట కూడా ముద్దగా వస్తోంది. తాగలేదని ఎంత చెప్పినా తాగినవాడు చెప్పినట్టే ఉండి ఉంటుంది. నలుగురూ నవ్వారట. నా కొడుకుకి కల్లు వాసన కూడా తెలియదు. అనుమానం ఉన్నవాళ్లు వచ్చి మూతి వాసన చూసుకోవచ్చు.

వాడు ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కున్నాడు. అన్నం తినేటప్పుడు సౌజన్యతో, "తాగినా బాగుండును. తెల్లారితే దిగిపోద్ది" అన్నాడు.

మా మామగారు గుర్తొచ్చారు. అప్పలస్వామి అని బంగారంలాంటి పేరు ఉండగా, ఊరంతా 'తూలుడు' అనేవారు. తాగి వస్తున్నారని మా అత్తగారు ఆయనకి పశువుల సాలలో అన్నం పెట్టేవారు. సీసా ఎక్కడ దాస్తారో ఎవరికీ ఎప్పుడూ దొరకలేదు. చాలా తెలివైన తాగుబోతు అనుకునేవాళ్లం.

21 ఫిబ్రవరి 2006, విశాఖపట్నం

టెక్కలి డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని నరాల డాక్టరు దగ్గరికి వచ్చాం. కుర్రవాడు. నా దగ్గర చదివి ఉంటే క్లాసు లీడరుని చేసేదాన్ని.

తల వెనక చిన్న మెదడు అరిగిపోతోందట. లక్షమందిలో ఏ కొద్దిమందికో వచ్చే జబ్బట. పేరు పొడుగ్గా ఉంది, మందు మాత్రం లేదు. వంశంలో దిగుతుంది అన్నాడు. తండ్రికి ఉందా అని అడిగాడు. మా ఆయన్ని ముప్పై మూడో ఏట జీడితోటలో పాము కరిచింది. జబ్బు బయటపడే వయసు ఆయనకి రాలేదు. తాతకో? అప్పుడు మామగారి సంగతి చెప్పాను. డాక్టరు కాగితం మీద ఒక గడి గీసి, పక్కన అప్పలస్వామి అని రాసి, గడి నిండా నలుపు పూశాడు. ఆయన తాగుబోతు కాడని ఈ లోకంలో ఒప్పుకున్నది ఆ నల్ల గడి ఒక్కటే.

మా ఆయన గడి సగం నలుపు. బాలకృష్ణ గడి పూర్తిగా నలుపు. దాని కింద ఒక చిన్న గుండ్రం, సంజన. అది ఖాళీగా వదిలేశాడు.

సౌజన్య ఆ గుండ్రం వంకే చూసి, "మరి గుంటకో?" అంది.

సగం సగం అన్నాడు. వస్తే తండ్రికంటే చిన్న వయసులో కూడా రావచ్చన్నాడు. రక్తపరీక్ష ఉంది కానీ, పద్దెనిమిదేళ్లు నిండి తనంతట తాను అడిగితేనే చేస్తారట. అప్పటిదాకా పిల్లని పిల్లలాగే పెరగనివ్వండి అన్నాడు. మంచి మాట. పాటించడం ఎలాగో చెప్పలేదు.

వచ్చేముందు బాలకృష్ణకి పరీక్ష పెట్టాడు. నడక, నిలబడటం, కూర్చోవడం, మాట, డాక్టరు వేలిని తన వేలితో వెంబడించడం, ముక్కూ వేలూ తాకించడం, అరచెయ్యి తిరగెయ్యడం, మడమతో ముంగాలు రాయడం. మొత్తం నలభై మార్కులు. ఎన్ని ఎక్కువ వస్తే జబ్బు అంత ఎక్కువ. సున్నా వచ్చినవాడు ఫస్టు. ఇలాంటి బడిలో నేనెప్పుడూ పని చెయ్యలేదు.

బాలకృష్ణకి పన్నెండు వచ్చాయి. నెలకోసారి ఇంట్లో చూసి రాసిపెట్టండి, పెరుగుదల తెలుస్తుంది అని నాకూ ఒక కాగితం ఇచ్చాడు. టీచరునని చెప్పాను కదా, సంబరంగా ఇచ్చాడు.

5 మార్చి, ఆదివారం

మొదటి పరీక్ష. వాకిట్లో సుద్దతో గీత గీశాను. దాని మీద మడమకి బొటనవేలు ఆనించి అడుగులో అడుగు వెయ్యాలి. బాలకృష్ణకి మొహమాటంగా ఉందని సంజనని ముందు చేసి చూపించమన్నాను. అది కొంగలా చేతులు చాపి, గీత చివరిదాకా పోయి, వెనక్కి తిరిగి నాలిక బయటపెట్టింది. వాడు నవ్వి తానూ మొదలుపెట్టాడు.

బాలకృష్ణ: 9. డాక్టరు ప్రయాణం బడలికలో చూశాడు, అందుకే పన్నెండు.

సంజన: 0. దానికి వెయ్యనక్కర్లేదు. చేసి చూపించింది కాబట్టి వేశాను.

2 ఏప్రిల్

బాలకృష్ణ: 9. సంజన: 0.

7 మే

బాలకృష్ణ: 9. ముక్కుకి బదులు చెంప తాకింది. ఉక్కపోత, చెమటకి వేలు జారింది.

సంజన: 0.

సౌజన్య ఇప్పుడు కూతురు నీళ్ల బిందె తెస్తుంటే వెనకాలే నడుస్తోంది. బిందె అందుకోదు. ఊరికే వెనకాల నడుస్తుంది. సంజన విసుక్కుంది. "ఏటమ్మా, దొంగనా నాను?" అంది. సౌజన్య చీపురు తెచ్చుకుని పొద్దుట ఊడ్చిన వాకిలి మళ్లీ ఊడ్చింది.

3 సెప్టెంబర్

మూడు రోజుల వాన. వాకిలి చెరువైంది. కన్నయ్య సైకిలు మీద పోతూ ఆగి, చేపపిల్లల్ని వదలమంటారా పంతులమ్మా అని అడిగాడు. చీపురుతో తోస్తూనే ఉన్నాను.

పరీక్ష వసారాలో పెట్టాను. బాలకృష్ణ: 9. గోడ పట్టుకున్నాడు కానీ, గోడ దగ్గరగా ఉంది కాబట్టి పట్టుకున్నాడు.

సంజన: 0.

7 జనవరి 2007

బాలకృష్ణ సముద్రం చూస్తానన్నాడు. అందరం అక్కుపల్లి వెళ్లాం. ఒడ్డున జాలర్లు పడవని పైకి లాగుతున్నారు. బాలకృష్ణ చేతికర్ర సౌజన్యకి ఇచ్చేసి ఇసకలోకి దిగాడు. నేను వద్దంటే, "ఇసకలో అందరూ తూలుతారమ్మా. నన్నెవులు సూత్తారు?" అన్నాడు.

నిజమే. పడవ లాగేవాళ్లూ తూలుతున్నారు, నేనూ తూలుతున్నాను. వాడు సంజన భుజం మీద చెయ్యి వేసి నీళ్ల దాకా నడిచాడు. మధ్యలో పడ్డాడు, పక్కన అదీ పడింది, ఇద్దరూ నవ్వుతూ లేచారు. మేం మాట్లాడుకున్న ఆటోవాడు కూడా నవ్వాడు. ఆ నవ్వు వేరు, వాడిని ఏమీ అనబుద్ధి కాలేదు.

తిరిగి వస్తూ ఇసకలో వాళ్ల అడుగులు చూశాను. రెండు వరసలూ వంకరే. ఇసక కదా.

3 ఫిబ్రవరి 2008

బాలకృష్ణ: 10. సంజన: 0.

19 ఫిబ్రవరి

మళ్లీ విశాఖపట్నం. డాక్టరు పదహారు వేశాడు.

నా కాగితం చూశాడు. రెండు సంవత్సరాల తొమ్మిదులూ, చివర్న ఒక పది. మర్యాదస్తుడు, తల్లికి చూడటం కష్టమే అన్నాడు. అంతకంటే బెత్తం తీసుకుని కొడితే బాగుండేది.

పాసింజరులో తిరిగి వస్తున్నాం. సౌజన్య కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. కోటబొమ్మాళి దాటాక బాలకృష్ణ మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇప్పుడు వాడి మాట ఒక్కొక్క ముక్కగా వస్తుంది, ఆగి వినాలి.

"ఎనిమిదో తరగతి లెక్కల్లో నాకు ముప్పై నాలుగేసి తప్పించినావు. గేపకం ఉందా?"

ఉందన్నాను.

"ఒక్క మార్కు. మిగతా మాస్టర్లందరూ సెప్పినా కలపనేదు. నా కొడుకైతే ఏటి, ముప్పై నాలుగు ముప్పై నాలుగే అన్నావు. ఇప్పుడు ఆరు మార్కులు దాసీసినావేటమ్మా?"

అప్పుడు తప్పితే మళ్లీ రాసుకోవచ్చు కదరా అన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. నౌపడ ఉప్పు మళ్లు వచ్చాయి. వాటిని చూస్తూ కూర్చున్నాను.

వాడు వదల్లేదు. "నాకెన్నేసినా ఒకటే. గానీ నాకు దొంగ మార్కులేత్తే, గుంటకేసిన సున్నా నానెలా నమ్మాల?"

పలాస వచ్చింది. స్టేషనులో ఎప్పటిలాగే వాడి సంచీ నేను తీసుకుని, నడవడానికి నా భుజం వాడికి ఇచ్చాను.

2 మార్చి

బాలకృష్ణ: 16.

సంజన: 0. ఇది నిజం సున్నా. గీత మీద రెండుసార్లు నడిపించాను. పక్కన కూర్చుని పాదాల వంకే చూశాను.

6 ఏప్రిల్

బాలకృష్ణ: 16. సంజన: 0.

జూన్, తారీకు గుర్తులేదు

కన్నయ్య పోయాడు. కిడ్నీ. పలాసలో రక్తం తీయించేసరికే ఆలస్యం అయిపోయిందట. ఊరందరి గోడలూ నిలబెట్టి, తాను నలభై ఎనిమిదికే పడుకున్నాడు.

రత్నాలమ్మ మా వసారాలో కూర్చుని, మీవాడిది మంచి జబ్బు పంతులమ్మా, మనిషి కళ్లముందున్నాడు అంది. నాలిక చివరిదాకా వచ్చిన మాటని వెనక్కి మింగాను. నా జీవితంలో ఇది మూడోసారో నాలుగోసారో. ఆవిడ మొగుడు నిరుడు పోయాడు. ఆవిడ లెక్క ఆవిడది.

20 జూలై

సంజన కాయలు వలవడం నేర్చుకుంది. బాలకృష్ణ కుర్చీలో కూర్చుని, "మొన సూడకు, కాయ సూడు" అని నేర్పాడు. పది రోజుల్లో చెయ్యి తిరిగింది. పద్నాలుగేళ్ల పిల్ల, జడ ఊపుకుంటూ టకటకా వలుస్తోంది.

ఇవాళ పెరట్లోకి వెళ్తే గునపం లేదు, గుంత ఉంది. సౌజన్య పెళ్లగించి అటక మీద పెట్టేసిందట. కాయలకి కూలి మనిషిని పెట్టుకుందాం అంది. పిల్ల అంత బాగా వలుస్తుంటే ఎందుకే అన్నాను.

"బాగా వలుత్తాది. అందుకే తీసీసినాను. గురి తప్పిన రోజు నాను సూడలేను అత్తా."

నేను గుంత పూడ్చాను.

1 ఫిబ్రవరి 2009

బాలకృష్ణ: 19. నిలబడితే ఎవరో ఒకరు పట్టుకోవాలి. గీత మీద నడక తీసేశాం, అడగడం అవమానం. కుర్చీలో కూర్చునే సంజన నడక వాడే చూస్తాడు. నాకంటే కళ్లార్పకుండా చూస్తాడు.

సంజన: 0. పదో తరగతి పరీక్షలు దగ్గరికొచ్చాయి. నాకు ఈ పరీక్ష ఎందుకు మామ్మా అని అడగడం మానేసింది. ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు. పద్దెనిమిది నిండేదాకా అడగకూడనిది ఏదో ఉందని దానికి తెలిసిపోయినట్టుంది.

5 ఏప్రిల్

బాలకృష్ణ: 19.

సంజన: 0. చివర్లో చేతులు కాస్త చాపింది. చిన్నప్పటి కొంగ వేషం.

3 మే, ఆదివారం

ఎండ రాకముందే గీత గీశాను. సంజన నడిచింది. సగం దాటాక కుడికాలు గీత అవతల పడింది. సర్దుకుని చివరిదాకా వెళ్లింది.

ఎవరూ చెప్పకుండానే వెనక్కి వచ్చి మళ్లీ మొదటి నుంచి నడిచింది. అక్కడే, అదే కాలు.

మామూలుగా నడిచి లోపలికి పోయింది. మామూలు నడకలో ఏమీ లేదు, అందరి పిల్లల్లాగే పోయింది. సౌజన్య వంటింట్లో ఉంది, చూడలేదు. బాలకృష్ణ చూశాడు. నేను వాడి వంక చూడలేదు.

సంజన: 0.

వాకిలి ఆ చోట కుంగినట్టుంది. నాలుగున్నర సంవత్సరాల సిమెంటు, నిరుడు వానలకి అడుగున ఇసక జారి ఉంటుంది. కన్నయ్య ఉంటే పిలిపించేదాన్ని. వేరే మేస్త్రీని చూడాలి.

4 మే

డాక్టరిచ్చిన కాగితం మళ్లీ చదివాను. నడక, ఒక మార్కు: మామూలుగా నడిస్తే తెలియదు, గీత మీద అడుగులో అడుగు వేస్తేనే తెలుస్తుంది.

పొద్దున్నే, సంజన లేవకముందు, చెంబుతో నీళ్లు తీసుకుని వాకిట్లోకి వెళ్లాను. సుద్దగీత ఇంకా ఉంది. కాలు పక్కకి పడిన చోట వంగి నీళ్లు పోశాను.

ఎటూ పారలేదు.

కాసేపు చూశాను. ఇంకో చెంబు తెచ్చి పోశాను. అదీ ఉన్నచోటే నిలబడింది.

వసారాలో కుర్చీ కిర్రుమంది. బాలకృష్ణ ఎప్పుడు లేచాడో, అంతా చూస్తూనే ఉన్నాడు. ఆ మాట పూర్తి చెయ్యడానికి వాడికి చాలాసేపు పట్టింది. నేను ఆగి విన్నాను.

"కన్నయ్య మంచి పనోడమ్మా" అన్నాడు.

నిన్న వేసిన సున్నా కొట్టేశాను.

సంజన: 1.